నిరోష రాయని పరీక్ష

బోధన్,
12 ఆగస్టు 2023

అక్కా,

నీ తల తిరుగుడు తగ్గిందా? ఫోన్‌లో మెసేజ్ పెట్టమని వినీత ఒకటే పోరు పెడుతోంది. ఆ చిన్న అక్షరాలు నీకు కనబడవు, ఆ చిన్న మీటలు నా వేళ్ళకు పడవు. నీ చెవులు పోయినప్పటి నుంచి మనకు కాగితమే అలవాటైంది కదా, అందుకే ఇట్లా రాస్తున్నాను.

నిరోష పదో తరగతికి వచ్చింది. సంతోషంగా చెప్పాల్సిన మాటే. కానీ నిన్న పెద్దసారు నన్ను బడికి పిలిపించాడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, మెల్లగా చెప్పాడు. “వేణూ, పిల్ల చేతులు సాగవాయె, మాట ఎవలికీ తెలువదాయె. ఇన్నేండ్లు మేమే పైకి తోలుకుంట వచ్చినం. గిది బోర్డు పరీక్ష. ఎవలు రాస్తరు? పింఛన్ వస్తది గద, ఇంట్ల కూసోబెట్టుకో. ఎందుకు దాన్ని గోస పెడుతవ్?”

ఇంటికి వచ్చేసరికి నిరోష మంచం మీద నుంచి అడిగింది, సార్ ఏమన్నాడని. ఆ మాత్రం నాకు తెలుస్తుంది. దాని మాట నాకు సగం తెలుస్తుంది, తల్లి కాబట్టి జ్యోతిరాణికి చాలావరకు తెలుస్తుంది, వినీతకు అంతా తెలుస్తుంది. “ఏం లేదు బిడ్డా” అన్నాను. నా ముఖం చూసి అబద్ధమని పట్టేసింది. ఇక అరుపులే. చివరికి వినీత నా ముందుకు వచ్చి నిలబడింది. “బాపూ, అక్క ఏమంటున్నదంటే, ఒక్కసారన్న నన్ను లెక్కలు అడిగిండా సారు, అంటున్నది.”

నిజమే అక్కా. తొమ్మిదేళ్ళుగా దానికి అందాజుగా పాస్ మార్కులు వేశారు తప్ప, ఎన్ని రావాలో ఎవరూ చూడలేదు. వినీత లెక్కల నోటుబుక్కును వాళ్ళ సార్ క్లాసంతా తిప్పి చూపిస్తాడు. ఆ లెక్కలు చెప్పేది నిరోష.

నువ్వు బళ్ళో పనిచేసినదానివి. ఏం చేయమంటావో రాయి.

నీ తమ్ముడు,
వేణు


కంఠేశ్వర్, నిజామాబాద్,
29 ఆగస్టు 2023

వేణూ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. ఆయన చాయ్ ఇస్తే తాగి వచ్చావా? నాకే గనక చెవులుంటే బస్సెక్కి వచ్చి ఆ పెద్దసారును నాలుగు అడిగేదాన్ని. ఇప్పుడు అడగగలను గానీ, జవాబు వినలేను. బస్సెక్కితే కళ్ళు తిరిగి పడిపోతాను కూడా.

అయినా ఊరుకోలేదు. ఆటో కట్టించుకుని పరీక్షల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా మొదట నా చెవిలో అరిచాడు. ఆఫీసంతా తిరిగి చూసింది గానీ నాకు మాత్రం ఏమీ వినబడలేదు. కాగితం, పెన్ను ముందుకు తోసి రాయమన్నాను. చేతులతో రాయలేని పిల్ల పరీక్ష ఎలా రాయాలని అడిగాను. “వేరేవాళ్ళు రాసిపెట్టవచ్చు, అదనంగా టైము ఇస్తారు” అని రాశాడు. ఎవరు రాయాలంటే, “కింది తరగతి విద్యార్థి” అని రాశాడు. వికలాంగుల సర్టిఫికెట్ కావాలనీ రాశాడు.

ఇంకేం కావాలి మనకు! వినీత తొమ్మిదో తరగతే కదా. మన కోసమే రాసినట్టుంది ఆ నియమం. ఇవాళ్టి నుంచే ఇద్దరినీ కూర్చోబెట్టు. నిరోష చెప్పాలి, వినీత రాయాలి, మాటకు మాట, తన సొంతం ఏదీ కలపకుండా. గడియారం పెట్టి చేయించు.

ఒక్కటి చెప్పనా? నేను ఆ పిల్ల గొంతు ఎన్నడూ వినలేదు. అది పుట్టేనాటికే నా చెవులు మూసుకుపోయాయి. బాగా తెలిసినవాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటాను గానీ, దాని పెదవులు నాకు దొరకవు. అయినా నువ్వు ఉత్తరంతో పాటు పంపిన లెక్కల కాగితాలు చూశాను. రాత వినీతదే, బుర్ర నిరోషది. ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఆ మాత్రం పోల్చుకోలేనా?

జ్యోతిరాణిని అడిగానని చెప్పు.

సుమలత


బోధన్,
3 డిసెంబర్ 2023

అక్కా,

ఆలస్యమైంది. వరి కోతలు, ఆ తర్వాత ధాన్యం ఆరబోసిన చోట కాపలా. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇక్కడ చెరకు వేసేవాళ్ళు తగ్గిపోయారు, నేనూ మానేశాను. యాసంగి పంటకు మళ్ళీ నిజాంసాగర్ కాలువ వైపే చూస్తున్నాం.

సర్టిఫికెట్ పని అయింది. నిజామాబాద్ క్యాంపుకు పొద్దున్నే నలుగురం వచ్చాం. నిరోషను ఎత్తుకుని నిలబడ్డాను. ఇప్పుడు బరువైంది. డాక్టరు “పేరేంది?” అని నన్ను అడిగాడు. నిరోష చెప్పింది. ఆయన మళ్ళీ నన్నే అడిగాడు. పెన్ను దాని చేతిలో పెట్టి రాయమన్నాడు. అది కింద పడింది. వంగి తీసుకుని అదే పెన్నుతో ఏదో రాసుకున్నాడు. ఎనభై శాతం అని వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిరోష ఏదో అని పకపకా నవ్వింది. వినీత చెప్పింది, “మిగిలిన ఇరవై శాతం లెక్కలకు చాలు” అన్నదట.

పెద్దసారు ముందు సణిగాడు గానీ దరఖాస్తు తీసుకున్నాడు. రాసేవాళ్ళ పేరు దగ్గర వినీత పేరు పెట్టాం. రోజూ సాయంత్రం చేస్తున్నారు. జ్యోతిరాణి బీడీలు చుడుతూ వింటుంది. మధ్యలో వినీత తప్పు రాస్తే నిరోష పెట్టే కేక వీధి చివరకు వినబడుతుంది.

నీ ఇంటికి రాలేదని అనుకోకు. బస్సు టైమైపోయింది.

వేణు


నిజామాబాద్,
11 జనవరి 2024

వేణూ,

బస్సు టైమైపోయిందా? నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సులకు కొదవా? క్యాంపు పెట్టిన చోటికీ నా ఇంటికీ ఎంత దూరం? క్యాంపు తేదీ పేపర్లో చూసి, మీరు వస్తారేమోనని సర్వపిండి చేసి పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. తలుపు కొడితే వినబడదు కదా, అందుకని గుమ్మంలోనే. జ్యోతిరాణికి నా మీద ఏదైనా ఉంటే నేరుగా రాయమను. నేను ఏమీ అనుకోను. అనుకుంటాను గానీ, రాయమను.

పాత ప్రశ్నపత్రాలు పార్సిల్ చేశాను. వినీత రాత చిన్నది, దిద్దేవాళ్ళు విసుక్కుంటారు, పెద్దగా రాయమను. ఈమధ్య నువ్వు పంపిన కాగితాల్లో చూశాను, వర్గ సమీకరణాల్లో నిరోష మధ్య మెట్లు ఎగరగొడుతోంది. జవాబు సరైనదే అయినా మెట్టుమెట్టుకూ మార్కులుంటాయి, అన్నీ పలకమను. నోరు నొప్పి పుడుతుందని తెలుసు, అయినా పలకాలి.

ఒక ఆలోచన. ఆఖరి నెల ఇద్దరు పిల్లల్నీ నా దగ్గరికి పంపు. అక్కడ పొలం, బీడీలు, వచ్చేపోయే జనం. ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. నేను చూసుకుంటాను.

అక్క


బోధన్,
22 ఫిబ్రవరి 2024

అక్కా,

ముందు నీ మాటకు జవాబు. పిల్లల్ని పంపమన్నావని జ్యోతిరాణికి చదివి వినిపించాను. ఆమె అన్నది నీకు రాయకూడదు. కానీ రాయకపోతే నువ్వు ఇంకోటి అనుకుంటావు. “వినీత రోజూ బస్సెక్కి బడికి పోతె, వినవడని మనిషి కాడ మాట తెలువని పిల్ల ఒక్కతే ఉండాల్నా? దూపయితున్నదంటె ఎవలికి ఎరుక?” అన్నది. అని, తల వంచుకుని బీడీలు చుట్టడంలో పడింది. నీ మీద కోపంతో అన్నది కాదు.

క్యాంపు రోజు సంగతి కూడా చెప్పేస్తాను. వరుసలో నిలబడి నిలబడి నిరోష బట్టలు తడిశాయి. దాన్ని అట్లా అత్త చూడకూడదని ఏడ్చింది. అందుకే రాలేదు. బస్సు మాట నేను కల్పించింది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న పెద్దసారు కబురు పెట్టాడు. సొంత చెల్లె రాయడానికి వీల్లేదట. చుట్టం కాని పిల్ల, వేరే బడి పిల్ల అయి ఉండాలట. దరఖాస్తు తిరిగి వచ్చింది. వాళ్ళే ఒక అమ్మాయిని ఇచ్చారు. మహారాష్ట్ర సరిహద్దు వైపు ఊరి పిల్ల, చిన్ను అంటారట. ఇంట్లో మరాఠీ, బళ్ళో తెలుగు. మంచి పిల్లేనట. కానీ నిరోష మాట ఆ పిల్లకు ఒక్క ముక్క తెలుస్తుందా?

ఆరు నెలలు వినీతతోనే చేయించాం కదా అక్కా. నువ్వు ఆఫీసుకు పోయినప్పుడు ఈ సంగతి అడగలేదా?

నిరోష రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. వినీత తనే తప్పు చేసినట్టు మూలకు కూర్చుంటోంది.

వేణు


నిజామాబాద్,
2 మార్చి 2024

వేణూ,

అడగలేదు. కింది తరగతి అని రాయగానే వినీత ముఖమే కళ్ళ ముందుకు వచ్చింది. ఇంకో ప్రశ్న తోచలేదు.

నీ ఉత్తరం అందిన రోజే మళ్ళీ వెళ్ళాను. ఈసారి గుమాస్తా కాదు, లోపలి అధికారిని కలిశాను. “సొంత చెల్లెలు కుదరదు. కాపీ అంటారు” అని రాశాడు. సరే, రాసేది ఆ చిన్నునే రాయనివ్వండి, నిరోష అన్న మాటను పైకి చెప్పడానికి వాళ్ళమ్మను పక్కన కూర్చోనివ్వండి, మీ మనిషిని కాపలా పెట్టుకోండి, అని రాశాను. చదివి నాకు కుర్చీ చూపించాడు. మంచివాడే అనిపించింది. “అలాంటి వీలు నియమాల్లో లేదు మేడం” అని రాసి, కింద ఇంకో వాక్యం రాశాడు. “ఇంతవరకు ఎవరూ అడగలేదు.”

ఎవరూ అడగకపోతే ఇలాంటి పిల్లలంతా ఏమయ్యారో మరి.

ఊరికే కూర్చోలేక ఒక పెద్ద అట్ట మీద అక్షరాలు, గుణింతాలు, అంకెలు, ప్లస్, మైనస్, వర్గమూలం గుర్తు, అన్నీ రాసి పంపుతున్నాను. నిరోష ఎడమ పిడికిలి కాస్త సాగుతుంది కదా, దానితో తాకి చూపిస్తే చిన్ను రాయగలదు. ఆలస్యమే. కానీ నోటి కన్నా నయం. రోజూ చేయించు.

జ్యోతిరాణి అన్నది నిజమే. దూపయి నీళ్ళడిగినా నాకు తెలిసేది కాదు. ఆమె మీద నాకు ఏమీ లేదు.

అక్క


బోధన్,
6 ఏప్రిల్ 2024

అక్కా,

పరీక్షలు అయిపోయాయి. ఎట్లా అయ్యాయో రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

నీ అట్టతో రెండు వారాలు చేశారు. చెమటలు కక్కుతూ అయినా నిరోష లెక్క మొత్తం చూపించేది. మొదటి రోజు గేటు దగ్గరే అట్ట ఆపేశారు. “అక్షరాలు, లెక్కల గుర్తులు రాసిన అట్ట లోపలికి పోనియ్యం. కాపీ చిట్టీ కిందనే లెక్క” అన్నాడు గేటు సార్. అందరికీ వచ్చే అ ఆ లే కదా సార్ అన్నాను. “నాకెరుకే. రేపు స్క్వాడ్ వస్తె జవాబెవలు జెప్పాలె?” అన్నాడు. అట్ట నా చేతిలోనే ఉండిపోయింది.

లోపల జరిగింది నిరోష చెబితే వినీత నాకు చెప్పింది. వేరే గదిలో ముగ్గురే, నిరోష, చిన్ను, కాపలా ఉండే డ్యూటీ సార్. తెలుగు, సాంఘికం రోజుల్లో చిన్ను తనకు తోచింది రాసుకుంటూ పోయింది. లెక్కల రోజు తను చెప్పిందే రాయాలని నిరోష పట్టుబట్టింది. మైనస్ అంటే దాని నోట్లో మొదటి అక్షరమూ నిలవదు, చివరిదీ నిలవదు. ‘అయినా’ అన్నట్టు వినబడుతుంది. చిన్ను “అయినా... ఆ తర్వాత?” అని పెన్ను పట్టుకుని ఆగింది. నిరోష మళ్ళీ చెప్పింది. ఆ పిల్ల మళ్ళీ “అయినా?” అన్నది. నిరోష గొంతు పెంచింది. సార్ వచ్చి, “లొల్లి జెయ్యకు బిడ్డా, పక్క రూముల పిల్లలు రాసుకుంటున్నరు” అన్నాడు. చిన్ను ఏడ్చింది. “అక్కా, నాకు నీ మాట సమజయితలేదు. ఖాళీ ఇడిసిపెడితె ఇద్దరినీ తిడ్తరు” అన్నదట.

అదనంగా ఇచ్చిన టైములో సార్‌కు జాలి కలిగింది. కుర్చీ దగ్గరికి లాక్కుని చిన్నుకు జవాబులు తనే చెప్పాడు. “పాపం, పాసయితె సాలు” అని. నిరోష వద్దు వద్దని అరుస్తూనే ఉంది. అవి తప్పు జవాబులు కావట. కానీ తను చేసినవి కావు. తన దగ్గర పేపరు మొత్తానికి జవాబులున్నాయి. బయటకు ఎత్తుకొస్తుంటే నా భుజం కొరికింది.

ఆ సాయంత్రం వినీతను కూర్చోబెట్టుకుని పేపరంతా చెప్పి రాయించింది. పంపుతున్నాను. నువ్వు దిద్దు.

వేణు


నిజామాబాద్,
1 మే 2024

నా బంగారు తమ్ముడూ,

పాసయింది! నిన్న సాయంత్రం కింద అద్దెకున్న కల్యాణి ఫోన్‌లో నంబరు కొట్టి చూపించింది. అన్ని సబ్జెక్టులూ పాస్! నా కళ్ళను నేను నమ్మలేదు. వాకిట్లో నిలబడి గట్టిగా అరిచానట, కల్యాణి నవ్వింది. మనిషితో లడ్డూలు పంపుతున్నాను, నిరోష నోట్లో మొదటిది జ్యోతిరాణే పెట్టాలి.

ఏప్రిల్‌లో నువ్వు రాసింది చదివి నిద్రపోలేదు. ఆ పేపరు దిద్దాను. ఎనభైకి డెబ్బై ఆరు. నాలుగు మార్కులు తీసింది నా మొండితనంతో, మెట్లు ఎగరగొట్టినందుకు. ఏం రాయాలో తోచక జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు చూడు! ఎట్లా అయితేనేం, గట్టెక్కింది. ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. ఎంపీసీలో చేర్పించు. మిగతావి తర్వాత చూసుకుందాం.

సుమలత


బోధన్,
1 మే 2024

అక్కా,

ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. పాసయింది. లెక్కల్లో అంచు మీద పాసు.

పొద్దున్నే పెద్దసారు శాలువా, ఒక విలేకరి, బళ్ళో సగం మంది టీచర్లతో వచ్చాడు. గెలుపు గుర్తుగా నిరోష వేళ్ళు రెండు బలవంతంగా చాపి పట్టుకుని ఫోటో తీయించాడు. వైకల్యాన్ని జయించిన విద్యార్థిని అని వేస్తారట. వీధంతా వచ్చింది. జ్యోతిరాణి అందరికీ చాయ్ పెట్టి, వంటింట్లోకి పోయి ఏడ్చింది. అది సంతోషమో ఏమిటో అడగలేదు.

నిరోష పెద్దసారుతో ఏదో అన్నది. ఆయన, “థాంక్స్ చెప్తున్నదా?” అన్నాడు. వినీత చెప్పింది, “కాదు సార్. అవి నా మార్కులు కావు, మల్ల రాస్త, అంటున్నది.” టీచర్లంతా నవ్వారు. “పిచ్చి పిల్లా, ఫెయిలయితె మల్ల రాయొచ్చు. పాసయినోళ్లకు మల్లేం పరీక్ష?” అన్నాడు.

“అయితే నన్ను ఫెయిల్ చెయ్యమను” అన్నదట. ఆ మాట వినీత వాళ్ళకు చెప్పలేదు. వాళ్ళు పోయాక నాకు చెప్పింది.

వేణు


నిజామాబాద్,
17 మే 2024

వేణూ,

మన రెండు ఉత్తరాలూ దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నా ఉత్తరం నిరోషకు చదివి వినిపించావా? వినిపించకపోతే చించెయ్యి. లడ్డూలు పంపకుండా ఉండాల్సింది.

దిద్దిన పేపరు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. లోపల జరిగింది రాసి, మళ్ళీ పరీక్ష పెట్టండి, నిరోష మాట తెలిసిన మనిషిని ఇవ్వండి అని రాసి ఇచ్చాను. ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన చదివాడు. “పిల్ల పాసయింది కదమ్మా. ఫిర్యాదు చేస్తే ఆ మార్కులు కూడా పోతాయి, ఆ డ్యూటీ సారు ఉద్యోగం పోతుంది, రాసిపెట్టిన పిల్ల డిబార్ అవుతుంది” అని రాశాడు. నిజమే రాశాడు. ఎవరి పేరూ చెప్పకుండా కాగితం వెనక్కి తీసుకున్నాను. పిరికితనమో, న్యాయమో నాకు తెలియడం లేదు. నిరోషను అడిగి చేసి ఉండాల్సింది. నేను కూడా దాన్ని అడగలేదు.

కాలేజీ సంగతి రాయి.

అక్క


బోధన్,
9 జూలై 2024

అక్కా,

వానలు పడుతున్నాయి, నాట్లు మొదలయ్యాయి. నువ్వు కాగితం వెనక్కి తీసుకున్నావని నిరోషకు చెప్పాను. చిన్ను పేరు విని తల ఊపింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

కాలేజీలో ఎంపీసీ ఇవ్వలేదు. “లెక్కల్ల గీ మార్కులతోని ఎంపీసీ ఏడ జదువుతది?” అన్నాడు ప్రిన్సిపాల్. నువ్వు దిద్దిన పేపరు చూపించాను. ఇంట్లో రాసింది చెల్లదన్నాడు. వేరే గ్రూపు తీసుకోమన్నాడు. తరగతులు మేడ మీదట. నిరోష వద్దన్నది. ఇప్పుడు లెక్కలు చెప్పడం లేదు. వినీత పదో తరగతికి వచ్చింది, పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒకటి, చీకటి పడ్డాకే వస్తుంది. వచ్చి అడిగినా నిరోష గోడ వైపు తిరుగుతుంది.

మొన్న మాక్లూర్ నుంచి ఈరవ్వ అని ఒక ముసలామె వచ్చింది. పేపరులో ఫోటో చూసి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందట. ఆమె మనవరాలు మన నిరోష లాంటిదే, ఈ ఏడు పదో తరగతి. “మీ బిడ్డను ఎట్ల రాయించిండ్రో జెర చెప్పుండ్రి నాయినా. మా పిల్ల మస్తు హుషారు. దాని మాట నాకొక్కదానికే సమజయితది” అన్నది. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. జ్యోతిరాణి బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది, వినీత బళ్ళో ఉంది.

అప్పుడు నిరోష మాట్లాడింది అక్కా. ఎన్ని రోజులకో. మంచం మీద నుంచి తల ఎత్తి, ఈరవ్వను చూస్తూ, చాలాసేపు చెప్పింది. రాయించమన్నదో, వద్దన్నదో. ఎప్పుడూ సగం తెలిసే నాకు ఆ రోజు ఒక్క మాట కూడా అందలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి, మెడ నరాలు ఉబ్బేలా. ఈరవ్వ నా ముఖం చూసింది. “ఏమంటున్నది బిడ్డ?” అని అడిగింది.

“మంచిగ రాయించుమంటున్నది” అన్నాను.

ఈరవ్వ సంతోషంగా దండం పెట్టి వెళ్ళిపోయింది. నిరోష నా వైపు చూస్తూనే ఉంది. నేను తెలిసినట్టు తల ఊపాను. అది కళ్ళు మూసుకుంది.

వేణు